నిమ్మతోటకు పస్తు

"మీ కోడలు నిమ్మచెట్ల నోరు కట్టేసింది, గుక్కెడు నీళ్ళకు అల్లాడుతున్నాయి" అన్నారట పక్కతోట పిన్నిగారు. ఆ మాట చెవిన పడగానే మామగారు మిట్టమధ్యాహ్నం మోటారు దగ్గరికి ఉరికారు. కోడలు స్విచ్చికి అడ్డంగా నిలబడింది.

"ఆకులు దొన్నెల్లా ముడుచుకున్నాయి, కనబడట్లా?"

"ఈ ఎండకి మీ మొహమూ ముడుచుకుంది మామయ్యా! పొద్దున్నే చూడాలి. అప్పుడూ విప్పుకోకపోతేనే దాహం. ఇప్పుడు వాడనిస్తేనే పూత. పూత లేకపోతే ఈ ఏడు కాపే లేదు."

"పూతకి సరిపడా వాడాయని నీకెలా తెలుసు?"

చూపిద్దామని కోడలు చెట్టు కింద జానెడు లోతు తవ్వి, పిడికెడు మట్టి తీసి నొక్కింది. పొడిపొడిగా రాలాల్సిన మట్టి ముద్దయింది. వేళ్ళ సందుల్లోంచి నీళ్ళు కారాయి.

ఆమె మామగారి వంక అనుమానంగా చూసింది.

"నేనే నీళ్ళు పెట్టుంటే ఇప్పుడిలా ఎందుకు పరిగెత్తుకొస్తానమ్మా?"

ఇద్దరూ ఒక్కసారే వెనక్కి తిరిగారు. గట్టు మీద అత్తగారు తాపీగా పార కడుక్కుంటోంది.

"అత్తయ్యా, మీరా! పొద్దున్నే ఆకులు విచ్చుకునుంటే, ఎంత ఓర్పున్న చెట్లో అనుకున్నానే!"

"పస్తుంచితే పూస్తాయని ఎవరు చెప్పారే నీకు? నన్నూ ఓ వారం ఎండబెట్టి చూడండి, పూస్తానేమో!"