నాలుగో అంతస్తు జరిమానా

“అమ్మ ఫ్లాటు మీద వేసిన జరిమానా ఒక్కటి తీసెయ్యండి, మెయింటెనెన్సు బాకీ మాత్రం ఉంచండి,” అని శాంభవి అడిగిందో లేదో, సెల్లారులో ముందు వరసనున్న ప్లాస్టిక్ కుర్చీ కిర్రుమంది. రమాసుందరి లేచి నిలబడింది.

“ఎందుకు తీసెయ్యాలండీ? మేమందరం నెలనెలా కట్టడం లేదూ? లిఫ్టుకి కరెంటు ఊరికే వస్తోందా?”

అపార్టుమెంటు అసోసియేషన్ మీటింగుకి వచ్చినవాళ్ళంతా టీ గ్లాసులు పట్టుకుని అలాగే ఉండిపోయారు. ఉండిపోరూ మరి? అడిగినదీ అడ్డం పడినదీ సొంత అక్కచెల్లెళ్ళాయె. ఈ ఇద్దరు తప్ప వాళ్ళమ్మ రావమ్మకి వేరే పిల్లలు లేరు. ఆవిడ పోయి మూడేళ్ళయింది. నాలుగో అంతస్తులోని తన ఫ్లాటు చిన్న కూతురు శాంభవికి చెందాలని విల్లు రాసి పోయింది. ఆ సంతకం అమ్మది కాదని పెద్ద కూతురు రమాసుందరి కోర్టుకెక్కింది. కేసు తేలేదాకా మేమెందుకు కట్టాలని ఇద్దరూ ఊరుకుంటే, బాకీ పెరిగింది. బాకీకి జరిమానా తోడై అసలును మించిపోయింది.

రమాసుందరి కడుపుమంట ఈనాటిది కాదు. రెండో అంతస్తులో కాపురముంటూ పొద్దునా సాయంత్రం తల్లికి కాఫీ మోసింది తను. మోకాళ్ళకి తైలం రాసింది తను. గన్నవరం నుంచి నెలకో రోజు వచ్చి, నాలుగు బత్తాయిలు చేతిలో పెట్టి, తల్లి పక్కన పడుకుని కబుర్లు చెప్పి పోయింది ఆ చిన్నది. విల్లులో పేరేమో దానిది. పోనీ, మనిషైనా నల్లబడిందా, నలిగిందా? ఇవాళా మెంతిరంగు మంగళగిరి చీరలో నిగనిగలాడుతూ వచ్చింది. లిఫ్టు దగ్గర చూసినవాళ్ళందరూ అచ్చం అమ్మే నడిచొచ్చినట్టుందని మురిసిపోయారు. తననెవరూ ఏనాడూ అలా అనలేదు.

సెక్రటరీ సంజీవరావు పెద్దమనిషి. తగువంటే భయం. తల్లి పోయిన ఇల్లు గదా, కాస్త చూసీ చూడనట్టు పోదామన్నాడు. మూడో అంతస్తు ఎలిజబెత్ టీచరు కూడా తలూపింది. రమాసుందరి వాళ్ళిద్దరినీ కూర్చోబెట్టేసింది. ఇవాళ ఒకరికి తీసేస్తే రేపు ఇరవై ఫ్లాట్లవాళ్ళూ ఎగ్గొడతారని, అప్పుడు వాచ్‌మన్ జీతం సెక్రటరీ గారి జేబులోంచి ఇస్తారా అని అడిగింది. అందరి మొహాలూ మారాయి.

సంజీవరావు మెల్లిగా గుర్తుచేశాడు. “మీరూ వాటా అడుగుతున్నారు కదమ్మా. రేపు జడ్జిగారు సగం మీకిస్తే, సగం జరిమానా మీ నెత్తినే పడుతుంది.”

ఆ మాటకు రమాసుందరి లోపల నవ్వుకుంది. విల్లు గట్టిగా ఉంది, కేసు నిలబడదని ఆవిడ ప్లీడరు నిరుడే చెప్పేశాడు. ఆ సంగతి ఇంట్లో భర్తకి కూడా చెప్పలేదు. ఫ్లాటు ఎలాగూ తనకి రాదు. దక్కించుకున్న చెల్లెలికి కూడా అది తియ్యగా ఉండకూడదు, అంతే ఆవిడ కోరిక.

“అయితే తీర్మానంలో అదే రాయండి,” అంది. “ఫ్లాటు చివరికి ఎవరి పేర పడితే వాళ్ళే బాకీ, జరిమానా అణాపైసలతో సహా కట్టాలి. ఇంకెప్పుడూ తగ్గించమని అడగడానికి వీల్లేదు.”

“మేడమ్, అంత గట్టిగా ఎందుకు?” అంది ఎలిజబెత్ టీచరు.

“గట్టిగా లేకపోతే మళ్ళీ ఏడుపుమొహం పెట్టుకుని వస్తారు, టీచరుగారూ. నాకు తెలుసు ఆ మొహం. చిన్నప్పటి నుంచీ దాంతోనే అన్నీ సాధించుకుంది.”

శాంభవి తలెత్తి ఏదో చెప్పబోయింది. “అక్కా, ముందు నేను చెప్పేది...”

“సెక్రటరీ గారితో చెప్పు. ఇక్కడ నేను నీకు అక్కని కాను, ఈ అపార్టుమెంటు మెంబర్ని.”

చెల్లెలు వెనక్కి తగ్గి కుర్చీలో కూర్చుంది. చేతులెత్తమన్నారు. ఈ సంగతి మీటింగులో వస్తుందని తెలిసి, పొద్దున్నే గడప గడపకీ తిరిగి రమాసుందరి చెప్పుకున్నదంతా అక్కరకొచ్చింది. ఎలిజబెత్ టీచరు, ఇంకో ఇద్దరు ముసలివాళ్ళు తప్ప అందరూ చేతులెత్తారు. సంజీవరావు నిట్టూర్చి తీర్మానం రాసుకున్నాడు. చదివి వినిపిస్తే రమాసుందరి సంతకం అందరికంటే ముందు పెట్టింది. కలం మూత పెడుతుంటే మూడేళ్ళుగా గుండెల మీదున్న బండ ఎవరో పక్కకి దొర్లించినట్టయింది.

జనం మెట్లెక్కిపోయారు. స్కూటర్ల మధ్య అక్కచెల్లెళ్ళిద్దరే మిగిలారు. ఆటో ఎక్కి ఏడ్చుకుంటూ పోతుందనుకున్న చెల్లెలు అక్కడే నిలబడి ఉంది. రమాసుందరికి ఇంకొక్క మాట అనాలనిపించింది.

“ఇంకా ఇక్కడ నిలబడితే ఏం లాభం? అమ్మ నీకే ఇచ్చింది కదా, నువ్వే అనుభవించు.”

“ఈ కోర్టుల చుట్టూ తిరిగే ఓపిక నాకు లేదక్కా,” అంది శాంభవి, కొంగుతో కళ్ళు తుడుచుకుంటూ. “నిన్ననే రిజిస్ట్రారాఫీసుకి వెళ్ళి ఆ ఫ్లాటు నీకు వదిలేస్తూ సంతకం పెట్టొచ్చాను, జరిమానా నీకు భారమవుతుందనే ఇవాళ వీళ్ళందరినీ బతిమాలాను.”