హస్తవాసి

"ఆ ఫ్లాస్కు జాగ్రత్తమ్మాయ్! అది పగిలితే నా దుకాణం మూతే," అన్నాడు మాస్టారు కుర్చీలోంచి.

దుకాణం ఎలాగూ ఆ సాయంత్రానికి మూతే. ప్రయోగశాల ఖాళీ చేసి తాళాలు ఇచ్చేయాలి. ఈ గదిలో బేరం మొదలుపెట్టిననాడు ఆయన చేతిలో ఉన్న సరుకు తక్కువే. తన గురువుగారు వదిలివెళ్లిన గాజు ఫ్లాస్కు, దాని అడుగున గిరగిరా తిరుగుతూ ద్రవాన్ని కలిపే, గురువుగారి కాలంలోనే నల్లబడ్డ అయస్కాంతపు బిళ్ల, ఒంటినిండా మొండితనం. గురువుగారు బంగారంకన్నా ప్రియమైన లోహాలతో రసాయన చర్యలు నడిపేవాడు. లోహం లేకుండానే నడిపిస్తానన్నాడు శిష్యుడు.

నడిపించాడు కూడా. ఆయన తయారుచేసిన తెల్లటి పొడి నిండా కంటికి కనపడని రంధ్రాలు. చెంచాడు పొడి లోపలి గోడలన్నీ విప్పి పరిస్తే ఆటస్థలమంత. రంగుల కార్ఖానా వదిలే పచ్చటి విషపు నీళ్లలో మామూలు మందొకటి కలిపి, చిటికెడు ఈ పొడి వేస్తే నీళ్లు తేటపడేవి.

చిక్కల్లా ఒక్కటే. ఆ పొడి ఈ గదిలో తప్ప ఇంకెక్కడా పనిచేయలేదు.

"మాస్టారిది హస్తవాసి," అని మొదట్లో మెచ్చుకున్నవాళ్లే, పోనుపోను అదే మాట నవ్వుతూ అనసాగారు. ఈమధ్య ఒక పెద్ద ప్రయోగశాల ఆ నవ్వు కూడా మానేసి, ఇదంతా అబద్ధమని అచ్చువేసింది.

ఇప్పుడాయన చేతులు వణుకుతున్నాయి. చూపు మందగించింది. అందుకే పెద్ద శిష్యురాలు వచ్చింది. ఆమె సొంత ప్రయోగశాలలోనూ ఆ పొడి మొండికేసింది. ఇక్కడ, ఈ సామానుతో, ఆమె చేత్తో నీళ్లు తేటపడితే ఆయన పక్షాన తన పేరు పెట్టి రాస్తుంది. పడకపోతే ఆయన అబద్ధాలకోరుగానే మిగులుతాడు.

మాస్టారి భార్య తలుపు దగ్గర స్టూలు మీద కూర్చుంది.

"కానివ్వు తల్లీ. నా సవతి గడప దాటే రోజు. కళ్లారా సాగనంపి పోతాను."

"సవతేమిటే? కూతురనుకో," అన్నాడు మాస్టారు.

"కూతురైతే ఒక్కపూటైనా అన్నం వడ్డించేది."

ఆ ఇంట్లో పిల్లల్లేరు. 'ఈ పని ఒక కొలిక్కి రానీ' అంటూ ఆయన వాయిదా వేసినవాటిలో అదీ ఒకటి.

శిష్యురాలు ఫ్లాస్కు బల్ల మీద పెట్టింది. "మాస్టారూ, పొడి లేకుండా ఎప్పుడైనా చేసి చూశారా?"

"చూడకుండా ఉంటానా? మొదటి ఏడే చూశా. నా ఫ్లాస్కు పనిలో ఉంటే పక్కగదిలోంచి కొత్త ఫ్లాస్కూ, కొత్త బిళ్లా తెచ్చి మరీ చేశా. ఎంతసేపు తిప్పినా రంగు కదల్లేదు. నా పాఠం నాకే అప్పజెబుతున్నావా?"

"మీరు చెప్పిందేగా. నమ్మినదాన్నే ముందు అనుమానించమని."

"అయితే బాగా అనుమానించు. ఊఁ, కానీ."

ఆమె బల్లవైపు తిరిగింది. పచ్చటి నీళ్లు పోసింది, మందు కలిపింది, మీట నొక్కింది. బిళ్ల తిరగసాగింది.

"ఏమైంది? రంగు మారుతోందా?"

"లేదు మాస్టారూ. పచ్చగానే ఉంది." ఆమె గొంతులో కంగారు లేదు.

"చూస్తూ ఉండు. తొందరపడితే కాదు."

కాసేపటికి పచ్చదనం పలచబడింది. ఆమె ముందుకు వంగింది. ఇంకాసేపటికి పాలిపోయింది. ఆ తర్వాత రంగన్నదే లేదు. ఆమె ఫ్లాస్కు పైకెత్తి కిటికీ వెలుతురులో పట్టుకుంది. అడుగున ఆగిన నల్లబిళ్ల వైపే చూస్తూ కళ్లు తుడుచుకుంది.

"అయ్యో, మంచినీళ్లలా ఉన్నాయే!" అంటూ మాస్టారి భార్య స్టూలు మీంచి లేచింది.

"చూశావా? హస్తవాసి అన్నారే గాడిదలు! ఇవాళ నా చెయ్యే పడలేదుగా!" మాస్టారు నవ్వబోయి ఏడ్చేశాడు. "నువ్వెందుకమ్మాయ్ ఏడుపు? గెలిచాం!"

ఆయన చేతికర్ర కోసం తడుముకుంటుంటే, భార్య శిష్యురాలి దగ్గరికొచ్చి గొంతు తగ్గించింది.

"ఆయన్ని ఊరుకోబెట్టడానికి కాదు కదా? నాకు నిజం కావాలి తల్లీ. నా బతుకు కూడా ఇందులోనే పోశాను."

"మీరు కళ్లారా చూశారుగా అమ్మగారూ."

"చాలు. ఊరికే పోలేదన్నమాట."

శిష్యురాలు తల వంచుకుంది.

భార్య భుజం పట్టుకుని మాస్టారు గడప దాటాడు. పెట్టుబడి ఒక జీవితం కాదు, రెండు. చేతికొచ్చింది ఫ్లాస్కుడు తేటనీళ్లు, ఇంటిదాకా సరిపోయే సంతోషం.

ఆ నీళ్లలో ఆమె పొడి వేయనేలేదు.