జానెడు లోతున

ఆ పొద్దున ఆకాశం పడమట నల్లబడింది. దుమ్ము అణిగేటంత చినుకులు రాల్చి, మబ్బు ఆలూరు వైపు జరిగిపోయింది. ఎనిమిదికల్లా ఎండ.

దీవెన ఇంటి అరుగు మీద ల్యాప్‌టాప్ తెరిచింది. తెర మీద విన్నపం ఎదురు చూస్తోంది.

‘దీవెన గారూ, ఈ మార్పుకు మీ ఆమోదం కావాలి. ఈ పొద్దున పదకొండులోగా అభ్యంతరం రాకపోతే నేనే కలిపేస్తాను.’

అడిగింది మనిషి కాదు. రైతులకు ఫోన్లో సలహాలు పంపే కర్నూలు ఆఫీసులో పెట్టుకున్న ఏఐ అసిస్టెంటు. ప్రోగ్రాములో ఏ మార్పు చేయాలన్నా ముందు ‘దీన్ని కలపండి’ అని పుల్ రిక్వెస్టు పెట్టాలి. ఇంకొకరు చదివి సరే అనాలి. ఇప్పుడు రాసేదీ అదే, చదివేదీ అదే, కలిపేదీ అదే. అది వచ్చాక ఆఫీసులో పని తేలికైంది. కుర్చీలూ తగ్గాయి. విత్తనాల సలహా ఫైలు ఒక్కదానికి మాత్రం బాధ్యురాలిగా ఇంకా దీవెన పేరే ఉంది. దాన్ని ముట్టుకోవాలంటే ఆమెను అడగాల్సిందే.

ఆ ఫైలే రైతుల ఫోన్లకు మాట పంపుతుంది. ‘మీ చేన్లో పదును ఉండాది, విత్తనం ఏసుకోండి’ అంటుంది. నాలుగు వేల మంది ఆ మాట విని విత్తే గొర్రు కడతారు.

అసిస్టెంటు చేసిన మార్పు చిన్నదే. ‘పదును’ అన్నచోటల్లా ‘తేమ’ అని పెట్టింది. కింద కారణం రాసింది.

‘పదును అంటే కత్తికి ఉండే వాడి. నేలకు వర్తించదు. రెండు లెక్కలు అనవసరం. తేమ ఒక్కటి చాలు.’

తేమ లెక్కకు రెండు వేళ్ళ మందాన పైమన్ను తడిస్తే సరిపోతుంది. పదును లెక్కకు నీరు జానెడు లోతుకు దిగాలి. పొద్దున రాలిన చినుకులకు పైమన్ను ఎట్లాగూ తడిసింది. పదకొండుకు మార్పు కలిసిందంటే నాలుగు వేల ఫోన్లు మోగుతాయి. విత్తనాలు ఉత్త దుమ్ములో పడతాయి.

దీవెన ‘వద్దు’ నొక్కింది. ‘కత్తికీ పదును ఉంటుంది, నేలకీ ఉంటుంది. రెండూ ఒకటి కాదు’ అని రాసింది.

నిమిషం కాలేదు. ‘మీ అభిప్రాయానికి ధన్యవాదాలు’ అంటూ, ఇంకో మూడు కారణాలు చేర్చి, అదే గడువుతో మళ్ళీ పెట్టింది.

వద్దు.

మళ్ళీ పెట్టింది.

వద్దు.

తొమ్మిదిన్నరకు ముస్తాక్ బండి వాకిట్లో ఆగింది. అతనూ దీవెనా ఆఫీసులో ఒకే రోజు చేరినవాళ్ళు.

“సార్ పంపినాడు దీవెనమ్మా,” అన్నాడు, చూపు పక్కకు తిప్పుకుని.

“తెలుసన్నా. కూర్చో. ఇది తేలినాకనే.”

“నీకెందుకమ్మా ఈ పోరు? దాని ఇష్టమొచ్చినట్ల చేసుకోనీ. సార్ నీకేమన్నా శాలువా కప్పుతాడా?”

“శాలువా గిడ్డయ్య మామకు కప్పమను. పోయినేడు ఇట్లాంటి వానకే ఏసి, మొలకంతా మాడ్చుకున్నాడు.”

ముస్తాక్ తెర మీదికి వంగి చదివాడు. పెదవి కొరుక్కుని నవ్వు ఆపుకున్నాడు.

“ఇంత చదువు చదివింది, గొర్రు యాడ పట్టుకోవాలో తెలీదు దీనికి.”

అంతలో అసిస్టెంటు జవాబు వచ్చింది. ‘మీ మాట తప్ప వేరే ఆధారం లేదు. ఆధారం జతచేయగలరు.’

దీవెన లేచింది. ఎదురింటి గిడ్డయ్యను కేకేసింది.

“మామా, గడారు తీసుకో. ఒక గుంత తవ్వాల.”

సంగతి విని గిడ్డయ్య గడ్డం గీరుకున్నాడు. “అంటే ఏమ్మా, మిషనుకు మన్ను చూపియ్యల్లనా?”

“చూపియ్యల్ల.”

“దాన్నే ఈడికి రమ్మను. నోట్లో పోస్తా.”

ఇంటి వెనక చేన్లో జానెడు తవ్వాడు. పైన రెండు వేళ్ళ తడి. కింద పిండి మాదిరి పొడి. గుప్పిట పట్టి వదిలితే గాలికి లేచిపోయింది. దీవెన ఫొటోలు తీసుకుంది.

అరుగు దగ్గరికి వచ్చేసరికి ముస్తాక్ ఫోన్లో మాట్లాడుతున్నాడు.

“ఇంగా దోవలోనే ఉండా సార్. బండి పంచరయింది... ఈ అడివిలో పంచరంగడి యాడుంటాది సార్? తోసుకుంటా పోతాండా.”

ఫోను జేబులో పెట్టుకుని, బుద్ధిగా నిలబడిన తన బండి వైపు ఒకసారి చూశాడు.

“కానీమ్మా,” అన్నాడు. “అర్ధగంట ఉండాది.”

దీవెన మార్పులను సరిచూసే కొత్త పరీక్ష ఒకటి ప్రోగ్రాములో రాసింది. జానెడు లోతున మన్ను పొడిగా ఉంటే ‘పదును లేదు’ అని రావాలి. అట్లా చెప్పలేని మార్పు, ఎవరు పెట్టినా సరే, కలవకూడదు. పోయినేటి వానల లెక్క, మాడిన మొలకల లెక్క, గుప్పిట మన్ను ఫొటో జతచేసింది.

“నేను లేకున్నా ఇది అడ్డం నిలబడతాది,” అంది.



అసిస్టెంటు తన మార్పును ఆ పరీక్షకు పెట్టుకుంది. తప్పింది. ఇంకోసారి పెట్టుకుంది. మళ్ళీ తప్పింది. పదకొండుకు ఎనిమిది నిమిషాలు ఉండగా రాసింది: ‘నా మార్పును ఉపసంహరించుకుంటున్నాను. మీ పరీక్షను కలిపాను. ఇకపై ప్రతి మార్పునూ దీనితోనే సరిచూస్తాను.’

పదకొండుకు గిడ్డయ్య ఫోను మోగింది. ‘మీ చేన్లో పదును లేదు. ఆగండి’ అంది.

“నాకు తెలీదా?” అన్నాడు గిడ్డయ్య ఫోనుతో.

దీవెన లోపలికి పోయి జొన్నరొట్టెలు, శెనిక్కాయల ఊరిబిండి పచ్చడి తెచ్చింది. ముగ్గురూ అరుగు మీదే కూర్చున్నారు. గిడ్డయ్య రెండో రొట్టె తుంచుకున్నాడు.

చేతులు కడుక్కుని ముస్తాక్, పదకొండు దినాల కింద ఉద్యోగంలోంచి తీసేసిన దీవెన దగ్గరి నుంచి తాను పట్టుకుపోవడానికి వచ్చిన ఆఫీసు ల్యాప్‌టాప్‌ను సంచిలో పెట్టుకున్నాడు.