అరణం

"పరీక్ష చేయిద్దాం. నా రక్తం, వీడి రక్తం," అన్నాడు భీమశంకరరావు. "కలవలేదని తేలితే ఊరి నోరు దానంతటదే మూతపడుతుంది."

"సేయించండి. నాను రెడీ," అన్నాడు గోపి.

గంగాలమ్మ చేతిలోని పళ్ళెంలో కాఫీ గ్లాసులు గలగలలాడాయి. "ఒద్దు బాబూ! పరీచ్చలొద్దు. మీ ఇద్దరికీ దండం పెడతాను," అంది.

ఆ కంగారు చూసి భీమశంకరరావు నవ్వాడు. గోపి మొహం మాడిపోయింది.

ఈ తగువు పుట్టి నెలైంది. మాజీ మంత్రి గురునాథరావు విగ్రహం బీచ్ రోడ్డులో పెడతారన్న వార్త రాగానే, గంగాలమ్మ కొడుకు గోపి విలేఖరుల దగ్గరికెళ్ళి ఆయన తన తండ్రి అన్నాడు. ఫిషింగ్ హార్బర్‌లో ఐసు దిమ్మలు మోసేవాడికి ఇంత పొగరా అన్నారు కొందరు. నిప్పు లేందే పొగ రాదన్నారు మరికొందరు. మంత్రిగారికీ గంగాలమ్మకూ ఏదో ఉందన్న మాట నలభై ఏళ్లుగా ఊరి నోట్లో నానుతున్నదే. మంత్రిగారి కొడుకు భీమశంకరరావుకు మాత్రం ఆ మాట వింటే ఒళ్ళు మండుతుంది.

గంగాలమ్మను పన్నెండేళ్లప్పుడు, గురునాథరావును పెళ్ళాడిన కుసుమకుమారి వెంట, సారె సామానుతో పాటు అరణంగా పంపారు పెళ్ళికూతురి పుట్టింటివాళ్లు. పందిరిమంచం, ఇత్తడి బిందెలు, పాడి ఆవు, గంగాలమ్మ. ఆవునైనా పొద్దున్నే మేతకు విప్పేవారు. ఈమెకు ఆ భాగ్యమూ లేదు. గురునాథరావు మంత్రయ్యాడు, కాపురం విశాఖకు మారింది. వెట్టిచాకిరీ పాపమని ఆయన శాసనసభలో గంటసేపు దంచి చెప్పిన రోజు కట్టుకున్న పంచె ఇస్త్రీ చేసింది గంగాలమ్మే. తర్వాత ఆమెను డ్రైవరు కొండలరావుకు కట్టబెట్టారు. ఇష్టమేనా అని ఎవరూ అడగలేదు.

ఇప్పుడు మంత్రిగారి దంపతులూ లేరు, కొండలరావూ లేడు. అయినా ఆమె తెల్లారేసరికి ఈ ఇంటికే వచ్చి వండిపెడుతుంది. ఎందుకమ్మా ఇంకా అని గోపి అరిచినా మానదు.

గోపి ఆమె ముందు గొంతుక్కూర్చున్నాడు. "నీకేటమ్మా బయం? సిన్నప్పట్నించీ అందరూ నన్ను మంత్రిగారి గంగ కొడుకనే ఎక్కిరించారు. ఈల్ల ఆస్తి నాకొద్దు. మా అయ్యెవడో ఓపాలి నిజం సెప్పు."

"కొండలరావేరా మీ అయ్య. అప్పన్నబాబు మీదొట్టు."

"మరి పరీచ్చంటే ఒణుకుతన్నావేటి?"

గంగాలమ్మ పళ్ళెం బల్ల మీద దించింది.

భీమశంకరరావు బల్ల మీదికి ఒక కాగితం, సిరా డబ్బా జరిపాడు. "పరీక్ష వద్దంటే దీని మీద వేలిముద్ర వెయ్యి గంగా. మా నాన్నగారితో నీకే సంబంధమూ లేదని, వీడిది అబద్ధమని రాయించాను. పెళ్ళైన పదేళ్లకు నేను కడుపున పడితే, పుట్టింటికి పురిటికెళ్తూ, మా అమ్మ నిన్నొక్కదాన్నే వెంట తీసుకెళ్ళి ఏడాది తనతో ఉంచుకుంది. నిన్నంత నమ్మిన మనిషి కాపురం మీద బురద చల్లనిస్తావా?"

"ఎయ్యకమ్మా," అన్నాడు గోపి. "ఏసావంటే నాను నీ కొడుకుని కాను."

ఆమె ఇద్దరి మొహాలూ మార్చి మార్చి చూసింది.

"ఇది ఏత్తే ఇంకెప్పుడూ పరీచ్చ సేయించరు కదా సిన్నబాబూ?"

"ఎందుకు చేయిస్తాను? అవసరమే ఉండదు."

వేలిముద్ర వేసింది.

గోపి లేచాడు. "నువ్వు ఈల్లింటి కుక్కవే. నాకు అమ్మవి కావు," అని గేటు దాటి వెళ్ళిపోయాడు. గంగాలమ్మ గేటు దాకా వెళ్ళి ఆగింది. దుఃఖం ముంచుకొచ్చి చెంగు నోట్లో కుక్కుకుంది.

భీమశంకరరావు సిరా ఆరడానికి కాగితాన్ని ఊపుతున్నాడు. "వెర్రివెధవ! వాడి రక్తం నా రక్తంతో ఎలా కలుస్తుందనుకున్నాడో. సరే, నువ్వెళ్ళి వంట చూడు."

ఆమె వంటింట్లోకి నడిచింది. గోపి కొండలరావు బిడ్డే, ఆ ఒట్టు అబద్ధం కాదు. కానీ పరీక్ష చేస్తే ఆ రెండు రక్తాలూ కలుస్తాయి.

ఇద్దర్నీ కన్నది తనే.