చేప కాళ్లు

సున్నం కొట్టిన గోడ మీద అత్త రామక్కాళ్ కావిమన్నుతో గీసిన చేపను చూసి, సుందరవల్లి ఉయ్యాల తాడు పట్టుకుని మరీ నవ్వింది. చేపకు నాలుగు కాళ్లున్నాయి.

“ఇదేం చేప అత్తా! రేపు బిడ్డకు పేరు పెట్టేదానికి కంబం నుంచి మావాళ్లంతా వస్తారు. చూస్తే నవ్వి నవ్వి చస్తారు.”

“నవ్వనీ. ఈ ఇంట పుట్టిన బిడ్డలందరికీ ఉయ్యాల పక్క గోడకు ఈ చేపే. మా అత్త ఇట్లనే గీసె. వాళ్లత్తా ఇట్లనే గీసె.”

“వాళ్లల్లో ఒక్కరూ చేపను చూళ్లేదా?”

ఈసారి ఇద్దరూ నవ్వారు. బిడ్డ ఉలిక్కిపడి కెవ్వుమంటే, నోటికి కొంగులు అడ్డం పెట్టుకుని మళ్లీ నవ్వారు.

సుందరవల్లి తడిగుడ్డ తెచ్చింది. “కాళ్లు మాత్రం తుడిచేస్తా. లేకుంటే నా పరువు పోతుంది.”

“తుడువు. తుడిస్తే అది తుంగభద్రలోనే నిలిచిపోతుంది.”

గుడ్డ గోడ దగ్గర ఆగింది.

“మన పెద్దోళ్లు ఆ ఏటిగట్టు విడిచి ఈ పొల్లాచ్చికి వచ్చేటప్పుడు ఏరు వాళ్ల వెంట రాలేకపోయె. చేప మాత్రం నేనూ వస్తానని బయల్దేరె. దారంతా మెట్టనేల. ఇప్పటి మాదిరి కుంఫిణీ దొరలు వేసిన బండిబాట ఉండెనా? కాళ్లు లేకుంటే ఎట్లమ్మా వచ్చేది?”

సుందరవల్లి తడిగుడ్డ కింద పడేసి, అత్త చేతిలోని పీచుకుంచె లాక్కుంది.

“అంత దూరం వట్టి కాళ్లతోనా నడిపించేది, పాపం!” అంటూ చేప నాలుగు కాళ్లకూ చెప్పులు తొడిగింది.