జూన్ ఒకటి

"ఇద్దరిదీ మిథునమేనా? అయితే నేను వెయ్య" అన్నాడు దానిష్, పచ్చబొట్టు మిషన్ పక్కన పెట్టేసి.

విలాస్, అనిత ముఖాలు చూసుకున్నారు. పై నెలలో వాళ్ళ పెళ్ళి. జంటగా పచ్చబొట్లు వేయించుకుందామని జిమల్‌గట్ట అవతలి అడవి పల్లె నుంచి పొద్దున్నే బస్సెక్కి సిరొంచ వచ్చారు. దానిష్ దుకాణంలో పద్ధతి ఒకటే. ఆధార్ కార్డు చూపించాలి. తారీఖును బట్టి రాశి, రాశిని బట్టి బొమ్మ. ఇద్దరి కార్డుల మీదా జూన్ ఒకటే ఉంది, సంవత్సరాలే వేరు.

"ఎందుకు వెయ్యవన్నా?" అన్నాడు విలాస్.

"మిథునమంటే ఒక్క మనిషిల ఇద్దరు. మీరు కలిస్తే ఇంట్ల నలుగురైతరు. ఎట్ల పొసుగుతది?" దానిష్ తన మణికట్టు చూపించాడు. దాని మీద కవలల బొమ్మ ఉంది. "నాది గూడ జూన్ ఒకటే. పొద్దుగాల ఒక మాట, మాపటికి ఒక మాట. నా పెండ్లాం అస్మాది తుల గాబట్టి ఓర్చుకుంటున్నది."

అతను వేళాకోళం చేయడం లేదు. తన రాశిని తన పేరు కన్నా గట్టిగా నమ్ముతాడు. ఏటా ఆ రోజు అమ్మీ ఫహ్మిదా కళ్ళు తుడుచుకుంటూ సేమియా వండుతుంది. ఏడుపెందుకంటే సంతోషమంటుంది.

అనిత ముఖం మాడిపోయింది. "మా అవ్వకు ఇసొంటియి మస్తు పట్టింపు. ఇన్నదంటే పెండ్లే ఆపుతది. నాకు గూడ బుగులైతంది" అని కార్డు తీసుకుని లేచింది.

"ఆగు జర, అనితా!" విలాస్ కూడా లేచాడు. ఆమె గడప దాకా వెళ్ళిపోయింది.

మూల బల్ల మీద పేపరు చదువుకుంటున్న దానిష్ తండ్రి బర్కత్ అలీ దగ్గాడు. ముప్పై ఏళ్ళు అడవి బళ్ళలో గురూజీగా చేసి రిటైరైన మనిషి. కొడుకు దుకాణంలో నోరు విప్పడు. ఇవాళ పేపరు మడిచాడు, విప్పాడు, మళ్ళీ మడిచాడు.

"బిడ్డా, మీ ఊర్ల జూన్ ఒకటి గానోళ్ళు ఎంతమంది?"

అనిత ఆలోచించింది. "మా అన్నది గదే... విలాస్ చెల్లెది గదే... అరే, సర్పంచ్‌ది గూడ గదే!"

"పుట్టిన దినం చెప్పేటోళ్ళు లేని పిల్లలకు బడి రిజిస్టర్ల నేనే జూన్ ఒకటి రాసిన. ఇప్పపూలు రాలంగ పుట్టిండు, వరి కోతలప్పుడు పుట్టింది అనేటోళ్ళు. తారీఖు లేకుంటే తనిఖీకొచ్చిన సాహెబ్ ఊకోకపోయేటోడు. గది మీ రాశి గాదు, నా దస్తూరి."

అనిత పకపకా నవ్వింది. "మా అవ్వ వరి కోతలనే అంటది, గురూజీ!"

"నేను ఇప్పపూలప్పుడు" అన్నాడు విలాస్, ప్రాణం లేచొచ్చి.

గోడ మీదున్న పన్నెండు బొమ్మల్లో అవి లేవు. దానిష్ మూతి ముడుచుకుంటూనే అనిత చేతి మీద వరి కంకి, విలాస్ చేతి మీద ఇప్పపువ్వు వేశాడు. నిజానికి బాగానే కుదిరాయి. ఇద్దరూ చేతులు పక్కపక్కన పెట్టి ఫోటో దిగి బస్టాండుకు వెళ్ళిపోయారు.

"మస్తు చెప్పినవ్ అబ్బా, పెండ్లి నిలవెట్టినవ్" అన్నాడు దానిష్ తండ్రితో, సూదులు తీస్తూ. "పాపం, ఊరు ఊరంతా ఉత్త తారీఖే. నయం, నాదన్న అసలుది."

బర్కత్ అలీ పేపరు మళ్ళీ విప్పాడు.

"అసలుదే గద అబ్బా? నాకు చెప్పేటందుకు అమ్మీ ఉండె గద?"

బర్కత్ అలీ కళ్ళజోడు తీసి, లాల్చీ అంచుతో చాలాసేపు తుడిచాడు.

"నువ్వు పుట్టినప్పుడు అమ్మీ అక్కడ లేదు, బేటా."