బస్టాపులో గొడుగు

"పెద్దాయనా, కాస్త పక్కకు జరగండి. ఫోటోలో గొడుగు పడుతోంది."

నగరపాలక సంస్థ ఇంజనీరమ్మ మాటకు ఆయన వెనక్కి జరిగాడు. గొడుగు మాత్రం ముడవలేదు.

దాని కింద చంటిబిడ్డతో ఓ తల్లి నిలబడి ఉంది.

కొత్త బస్టాపు ఆ పూటే మొదలు. వేడి పట్టని తెల్లటి పైకప్పు, సన్నటి నీటి తుంపర, పొడవాటి బెంచీ. చుట్టూ రిబ్బను కట్టేశారు. మేయరు ఇంకా రాలేదు. అందరూ ఎండలోనే ఉన్నారు.

కాసేపటికి ఇంజనీరమ్మ తల మీద నీడ పడింది.

తిరిగి చూస్తే ఆయనే. తల్లీబిడ్డా బస్సెక్కి వెళ్లిపోయారు.

"వద్దండీ, నాకు అలవాటే."

"ఇది అలవాటు చేసుకునేది కాదమ్మా" అన్నాడు. గొడుగు తియ్యలేదు.

కొత్త పైకప్పు కేసి చూస్తూ అడిగాడు.

"ఇన్ని స్టాపులుండగా ముందు ఇక్కడే ఎందుకు కట్టారు?"

"ఏ వీధి ఎంత కాగుతోందో ఉపగ్రహం పైనుంచి చూస్తుంది. ఆ వివరాలన్నీ ఏఐకి ఇస్తాం. నీడ ముందు ఎక్కడ కావాలో అదే చెబుతుంది."

"ఈ రోడ్డంతా ఒకటే ఎండ కదమ్మా."

"నిజమే. కానీ పోయినేడు ఇక్కడ ఒకావిడ వడదెబ్బకి పోయింది. అదీ ఏఐకి ఇచ్చాం. దాంతో ఈ స్టాపు ముందుకొచ్చేసింది. ఒకరకంగా కలిసొచ్చింది."

అనేశాక ఆ మాట ఆమెకే బాగోలేదనిపించింది.

ఆయన గొడుగు రెండో చేతికి మార్చుకున్నాడు.

"ఇక ఇక్కడెవరికీ ఎండ తగలదుగా?"

"తగలదు."

"అయితే రేపట్నుంచి నేను రానక్కర్లేదు."

ఇంతలో మేయరు కారొచ్చింది. ఆమె పరుగున వెళ్లింది. రిబ్బను, చప్పట్లు, ఫోటోలు. అంతా అయ్యాక చూస్తే ఆయన లేడు.

ఎదురుగా కుట్టుమిషను ముందు కూర్చున్న దర్జీని అడిగింది.

"ఆ గొడుగాయన ఏ బస్సెక్కాడు?"

"ఆయన బస్సు ఎక్కనే ఎక్కడండీ. నడిచే వస్తాడు, నడిచే పోతాడు. ఈ ఎండాకాలమంతా అంతే. బస్సొచ్చేదాకా ఎవరో ఒకరికి గొడుగు పట్టుకుని నిలబడతాడు. ఈ ఏడు ఇక్కడ ఒక్కరు కూడా సొమ్మసిల్లలేదంటే ఆయన చలవే."

ఆమెకు అర్థమైనట్టే అనిపించింది. గొంతు తగ్గించింది.

"పోయినేడు పడిపోయినావిడ... ఆయన భార్యా?"

దర్జీ దారం కొరికాడు.

"కాదండీ. ఆవిడెవరో కూడా ఆయనకి తెలీదు. ఆ మధ్యాహ్నం ఆవిడ చెయ్యెత్తినా, బస్సు నిండిపోయిందని ఆపకుండా వెళ్లిపోయిన డ్రైవరు ఈయనే."